చెంగల్రాయుడి కడుపుకు కళాయి

పుంగనూరు చుట్టుపక్కల అబద్ధమాడేవాళ్లకు ఏనాడూ కరువు లేదు. కానీ ఏటిగడ్డపల్లె చెంగల్రాయుడి అబద్ధానికి ఉన్న అందమే వేరు. మిగతావాళ్లు ఏదో ఒకటి దాచుకోవడానికి అబద్ధమాడతారు, చెంగల్రాయుడు నలుగురికీ పంచిపెట్టడానికి ఆడేవాడు. వాళ్ల తాత దగ్గర ఉన్న పుంగనూరు ఆవు ఎంత పొట్టిదంటే, పాలు పిండాలంటే ముందు నేలలో గుంత తవ్వి చెంబు దించాల్సి వచ్చేదట. ఒకనాడు పెద్ద వాన కురుస్తుంటే ఇంట్లో కోడిపెట్ట దాన్ని తన పిల్లే అనుకుని రెక్కల కిందికి తీసుకుందట.

"మరి కొమ్ములు గుచ్చుకోలేదా మామా?" అని ఎవరైనా అడిగారే అనుకోండి.

"గుచ్చుకోబట్టే గదప్పా, ఆ పెట్ట ఆ పొద్దు నుంచి నిలబడే గుడ్లు పెడతా వచ్చింది!"

వాటన్నిటికన్నా పేరుమోసింది గుండురాయి కథ. ఒక ఏడు తను చేలో చెనక్కాయలు పీకి, కడుపులో నిప్పులు పోసినంత ఆకలితో ఇంటికి వచ్చి, రోటి పక్కనే చతికిలబడి రాగిసంకటి ముద్ద మీద ముద్ద మింగుతూ ఊరిబిండి పచ్చడి నంచుకుంటున్నాడట. ఆ తొందరలో ఊరిబిండితో పాటు దాన్ని నూరిన గుండురాయి కూడా లోపలికి పోయిందట.

"మళ్లేమాయె మామా?"

"ఏమైతుంది? పొద్దు గూకేసరికి అరిగిపాయె. రెండు పులితేన్పులొచ్చినాయి, అంతే."

సరిగ్గా అప్పుడు ఇంట్లో నుంచి అతని పెళ్లాం సిద్ధమ్మ గొంతు వినిపించేది. "ఆ గుండు ఈడనే ఉండాది! ఇప్పుడు దాంతోనే మిరపకాయలు నూరతాండాను. కావల్లంటే వచ్చి సూసుకోండప్పా!"

ఆ మాట ఆ కథకు తాలింపు. ఆమె అనకపోతే విన్నవాళ్లు అరుగు దిగేవాళ్లు కాదు.

సిద్ధమ్మ పైకి కసురుకునేది గానీ, వైద్యుడు నాడి పట్టుకున్నట్టు మొగుడి కోతలను పట్టుకుని అతని ఒంటి సంగతి కనిపెట్టేది. తేలు కుడితే "పాపం, కుట్టిన తేలే కళ్లు తిరిగి పడిపాయె" అనేవాడు. జ్వరమొస్తే అతని నుదుటి మీద పోసిన జొన్నలు పేలాలై చూరుకు తగిలేవి. ఒళ్లు కాగేకొద్దీ కోతలు పదునెక్కేవి. అందుకే అతనికి ఏమొచ్చినా ఆమెకు భయం పుట్టేది కాదు. మనిషి కోస్తున్నాడంటే మనిషి నిక్షేపంగా ఉన్నట్టే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, చెట్ల మీద చింతకాయ దులిపే కాలంలో, చెంగల్రాయుడి కళ్లు పచ్చబడ్డాయి.

"కామెర్లోడికి లోకమంతా పచ్చన అంటారు గానీ సిద్ధమ్మా, నాకు అంతకు మించి ఉండాది" అన్నాడు మొదటి రోజు. "పొద్దున కాకి అరిస్తే, బంగారు కాకి అనుకొని తువ్వాల తీసుకొని పట్టేదానికి పోయినా. అది గూడా నన్ను సూసి పసుపు ముద్ద అనుకొని ముక్కుతో గీరింది."

సిద్ధమ్మ నవ్వి చాట చేతిలోకి తీసుకుంది. అదే చానాళ్లకు ఆఖరి కోత అవుతుందని ఆమెకేం తెలుసు?

తర్వాత కుడి డొక్క కింద నొప్పి మొదలైంది. ఒళ్లంతా దురద. దొడ్డికి పోతే సున్నం కలిపినట్టు తెల్లగా. ఆ సంగతి తెలియగానే అతని అక్క అక్కమ్మ వీధి చివరి ఇంట్లో నుంచి కొంగు బిగించుకుని వచ్చింది. అక్కమ్మ ఒకసారి కొంగు బిగిస్తే ఊళ్లో పెళ్లైనా జరగాలి, పంచాయతీ అయినా జరగాలి.

"కామెర్లకు కుప్పం పసరే. ఇంకేం మాట్లాడొద్దండి!"

కుప్పం దగ్గర గంగులయ్య అని ఒక పసరు మందాయన ఉండేవాడు. పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సులు మారి శనివారం సాయంత్రానికి ముగ్గురూ అక్కడ దిగారు. ఆదివారం పొద్దున పరగడుపున గంగులయ్య ఆకులు నూరి, గుడ్డలో పిండి, చెంగల్రాయుడి గొంతులో పోశాడు. పోసి నియమాలు చెప్పాడు. ఉప్పు, పులుపు, కారం, నూనె ముట్టుకోకూడదు. తాగిన రోజు పొద్దు గూకేదాకా నోరు విప్పకూడదు.

"ఉప్పు మానతాడు గానీ సామీ, నోరు మూసుకునేది ఎట్ల?" అని అక్కమ్మ దిగులు పడింది.

"ఇంకొకటి ఇనుకోండి" అన్నాడు గంగులయ్య. "తెల్లగా పొయ్యేది ఎప్పుడు నల్లబడుతుందో, అప్పుడు కామెర్లు కిందికి దిగినట్టు. ఆ పొద్దే పథ్యం ఇడిచి కోడిని కోసుకోండి."

తిరుగు ప్రయాణంలో చెంగల్రాయుడు నోరు విప్పలేదు. ఏటిగడ్డపల్లెలో అరుగు మీద జనం కాచుకుని ఉన్నారు. కుప్పం పోయి వచ్చినవాడు, పైగా పొద్దంతా నోరు కట్టుకున్నవాడు, పొద్దు గూకగానే చెరువు కట్ట తెగినట్టు మాట్లాడతాడని వాళ్ల ఆశ. పొద్దు కొండ వెనక్కి దిగింది. చెంగల్రాయుడు నోరు తెరిచాడు. అందరూ ముందుకు వంగారు.

"బస్సులో జనం శానా ఉండిరి" అన్నాడు. "కొంచెం నలతగా ఉండాది. పండుకుంటా."

అందరూ నిట్టూర్చి లేచారు. సిద్ధమ్మకు మాత్రం గుండెలో రాయి పడింది. బస్సులో జనం ఎక్కువ ఉన్నారు, నిజమే. అతనికి నలతగా ఉంది, అదీ నిజమే. వరసగా రెండు నిజాలు! కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఇలాంటిది చూడలేదు.

"వదినా, ఆయన ఒట్టి నిజాలు సెప్తాండాడు. నాకు బయమైతాండాది."

"నోట్లో ఉప్పూ కారం లేకపోతే మాటలో యాడ నుంచి వస్తాయే?" అంది అక్కమ్మ. "పథ్యం ఇడిస్తే కోతలూ వస్తాయి పో."

రోజులు గడిచాయి, నిజాలు ఆగలేదు. "గంజి సప్పగా ఉండాది" అనేవాడు. "ఎండ ఎక్కువగా ఉండాది" అనేవాడు. ఒళ్లు నొప్పులంటే పుంగనూరు అంగట్లో బిళ్లలు తెప్పించి, ఉప్పు లేని గంజితో సిద్ధమ్మే పొద్దూ మాపూ మింగించింది. సగం రోజులు ఆ గంజి కూడా తాగకుండా బిళ్ల మాత్రమే మింగేవాడు.

"కడుపులో మంటగా ఉండాది సిద్ధమ్మా" అన్నాడొకసారి.

"ఎంత మంట? సంకటి ఉడికేంతనా? ఊరు కాలేంతనా?" అని ఆమె ఆశగా అడిగింది.

"మామూలు మంటే" అన్నాడు.

ఆ పూట సిద్ధమ్మ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఒక పొద్దున చేనులో నుంచి వచ్చి చెంగల్రాయుడు తల వంచుకుని చెప్పాడు. "నల్లగా అయింది."

అంతే! అక్కమ్మ వీధిలోకి దూకింది. "నల్లబడిందే! మా తమ్ముడికి నల్లబడింది! తారు మాదిరి, ఇంత నలుపంట!" మొగబిడ్డ పుట్టినంత సంబరంతో ఇంటింటికీ చెప్పి వచ్చింది. కొంగులో బెల్లం, వేయించిన పప్పులు మూట కట్టుకుని ఎదురొచ్చినవాళ్ల నోట్లో పెట్టింది. రెడ్డెమ్మ అనే పక్కింటి ముసలామె, "ఎంత నలుపే అక్కమ్మా? కాటుకంతా? నేరేడు పండంతా?" అని వివరాలడిగి మరీ బెల్లం తింది. ఇంత బహిరంగంగా ఒక మనిషి దొడ్డికి పోయిన సంగతిని పండగ చేసుకున్న ఊరు ఈ జిల్లాలో మరొకటి ఉండదు. ఉంటే నాకు చెప్పండి, పోయి దండం పెట్టుకుని వస్తాను.

పథ్యం విడుపు ఆ పొద్దే పెట్టుకున్నారు. కోడి పులుసు, సంకటి, రోలు నిండా ఊరిబిండి. చింతపండు లారీ తోలే మునికృష్ణ, వరసకు మేనల్లుడు, మదనపల్లె పోతూ దారిలో లారీ ఆపి మరీ వచ్చి పంక్తిలో కూర్చున్నాడు.

"మామా, గుండురాయి మింగింది సెప్పు! శానా దినాలైంది ఇని!"

పంక్తంతా "సెప్పు, సెప్పు" అంది. చెంగల్రాయుడు ముద్ద పట్టుకుని ఆగాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది, పసుపు కూడా వెలిసిపోయింది. నుదుటి మీద చెమట.

"అది అబద్ధమప్పా" అన్నాడు మెల్లగా. "రాయిని ఎవురన్నా మింగుతారా?"

పంక్తి పగలబడి నవ్వింది. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నారు. మునికృష్ణకు పొలమారింది. సిద్ధమ్మ మాత్రం పులుసు గరిటె కింద పడేసి కేక వేసింది.

"మునికృష్ణా! లెయ్యి! లారీ తియ్యి!"

"యాడికత్తా? ముక్క ఇంకా..."

"మదనపల్లె ఆసుపత్రికి! బిన్నా లెయ్యప్పా!"

అక్కమ్మ అడ్డం వచ్చింది. "పథ్యం ఇడుపు మధ్యలో లేస్తే రోగం తిరగబడుతుందే! నల్లబడింది గదా, ఇంకేమి నీకు?"

"ఆయన నిజం సెప్పినాడు వదినా! గుండురాయి మింగలేదని ఆయన నోటితో ఆయనే సెప్పినాడు! ఇంక మనిషి దక్కుతాడా?"

ఆ మాటకు చెంగల్రాయుడు లేవబోయి, కళ్లు తిరిగి మునికృష్ణ భుజం మీద వాలాడు. నవ్వులు ఆగిపోయాయి.

లారీ ముందు సీటులో అతన్ని పడుకోబెట్టి, సిద్ధమ్మ అతని తలను తన ఒళ్లో పెట్టుకుంది. అక్కమ్మ చింతపండు మూటల మీదికెక్కింది, కొంగులో బెల్లం అట్లాగే ఉంది. దారి పొడుగునా మునికృష్ణ ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ మామ అబద్ధాలను మామకే తిరిగి వినిపించాడు. ఒకటైనా అంటుకుంటుందేమోనని.

"మామా, మీ తాత ఆవు యాడ పండుకునేది? మంచం కిందనా, పీట కిందనా?"

"కొట్టంలో" అన్నాడు చెంగల్రాయుడు.

"ఎంత ఎత్తు మామా?"

"మామూలు ఎత్తే. నడుం దాకా వచ్చేది."

మునికృష్ణ కళ్లలో నీళ్లు తిరిగాయి. లారీ ఇంకా గట్టిగా తొక్కాడు.

మదనపల్లె మిషను ఆసుపత్రిలో దెబోరా అనే నర్సమ్మ ఎదురొచ్చి మంచం వేయించింది. కనురెప్ప విప్పి చూసి, మణికట్టు పట్టుకుని, "దొడ్డికి ఏ రంగులో పోతాండాడమ్మా?" అని అడిగింది.

"నల్లగా!" అని అక్కమ్మ గర్వంగా ముందుకొచ్చింది. "కుప్పం పసరు పని చేసింది. ఊరంతా బెల్లం పంచినాము."

దెబోరా అక్కమ్మను ఎగాదిగా చూసింది. "బెల్లం పంచినారా? అది రక్తమమ్మా! కడుపులో కారిన రక్తం!"

అక్కమ్మ కొంగు వదులైంది. బెల్లం ముక్కలు, పప్పులు ఆసుపత్రి నేల మీద గలగలా రాలాయి. వాటిని ఏరుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

డాక్టరు జయరత్నం వచ్చాడు. తల నెరిసిన మనిషి, మాట మెత్తన. నాడి చూసి, పొట్ట నొక్కి, "నొప్పి ఎట్లుండాది రాయుడూ?" అన్నాడు.

"ఉండాది సార్. ఓర్చుకోగలను."

"సూడండి సార్, సూడండి!" అని సిద్ధమ్మ చేతులు జోడించింది. "ఎంత ప్రమాదంగా ఉండాడో!"

డాక్టరు ముందు తికమకపడ్డాడు. సంగతి విన్నాక నవ్వలేదు. ఆమె అన్నది నాడి చూసి తాను అనుకున్నదానికి సరిపోయిందన్నట్టు తల ఊపి, అటూ ఇటూ మనుషులను పురమాయించాడు. ముక్కులో గొట్టం వేసి చల్లటి నీళ్లతో కడుపు కడిగారు. చేతికి సూది గుచ్చి సీసా తగిలించారు. తర్వాత సిద్ధమ్మను పక్కకు పిలిచాడు.

"ఇంట్లో ఇత్తడి గిన్నెలుండాయి గదమ్మా?"

"ఉండాయి సార్" అంది. ఆస్తుల సంగతి ఇప్పుడెందుకో ఆమెకు అర్థం కాలేదు.

"కళాయి పోయిన గిన్నెలో చింతపండు చారు కాస్తే ఏమైతుంది?"

"యాడన్నా కాస్తారా సార్! చిలుమెక్కి విషమైపోదూ! పులుపు గిన్నెనే తినేస్తుంది."

"కడుపు గూడా ఆ గిన్నె మాదిరేనమ్మా. దాంట్లో ఊరే పులుపు చింతపండుకు తాత. అది కడుపునే తినెయ్యకుండా లోపల జిగురుగా ఒక పూత ఉంటుంది. దేవుడు పూసిన కళాయి అనుకో. అది అరుగుతా ఉంటుంది, ఒంట్లో రక్తం దాన్ని మళ్లా పూయిస్తా ఉంటుంది. మీ ఆయనకు పైత్యం దిగే దారిలో రాయి అడ్డం పడిండాది. పేగులోకి పోవాల్సిన పైత్యం రక్తంలోకి ఎక్కింది. కండ్లు పచ్చబడింది, తెల్లగా పోయింది అందుకే. పైత్యం కలిసిన రక్తంతో కళాయి పూసేవాడికి చెయ్యి ఆడదు. పూత పలచబడిపాయె. దానిమీద పరగడుపున పసరు, ఒట్టి కడుపున నొప్పి బిళ్లలు. ఇంక పులుపు గిన్నెను తినక ఏం చేస్తుంది? పుండు పడి రక్తం కారతాండాది. ఆ రక్తం పులుపులో నాని కిందికొచ్చేసరికి తారు మాదిరి అయింది."

సిద్ధమ్మకు కళ్ల ముందు ఇంట్లో గిన్నెలన్నీ కదిలాయి. "అయితే కళాయి పూయండి సార్! ఇంకేమి సూస్తాండారు? తగరం, నవాసారం కావల్లంటే పుంగనూరు నుంచి తెప్పిస్తా!"

అప్పుడు నవ్వాడు డాక్టరు. "ఆ కళాయి మనం పూసేది కాదమ్మా. పులుపు చల్లార్చి, రక్తం ఎక్కించి, అడ్డం తీసేస్తే కడుపే పూసుకుంటుంది. ముందు రక్తం కావాల. ఎవురిస్తారు?"

సిద్ధమ్మ రక్తం సరిపడలేదు. అక్కమ్మ చెయ్యి చాపింది, ఆమెదీ సరిపడలేదు. మునికృష్ణది సరిపోయింది. ఘాటు రోడ్డులో బ్రేకులు లేని లారీని నవ్వుతూ దించిన మునికృష్ణ, సూదిని చూసి మంచం కోడు పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, హారను కొట్టినట్టు అరుస్తూనే సీసా నింపాడు.

ఆ తర్వాత రోజూ గంట గంటకూ దెబోరా తెల్లటి మందు గొట్టంలో పోసేది. రక్తం ఆగింది. నాడి కుదుటపడింది. డాక్టరు బాగుందన్నాడు. సిద్ధమ్మ మాత్రం నమ్మలేదు. మంచం పక్కన కూర్చుని పరీక్ష పెట్టేది.

"ఏమయ్యా, ఆ కిటికీలో ఏముండాది?"

"చెట్టు" అనేవాడు.

"ఎంత చెట్టు?"

"చెట్టంత."

ఇంక రాయి తీసే ఆపరేషను మిగిలింది. లోపలికి తీసుకుపోయే రోజు దెబోరా మంచం దగ్గర కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే సిద్ధమ్మ ఆమె మోచేయి పట్టుకుంది.

"అమ్మా, మీ దేవునికి ఒక మాట సెప్పు. ఈయన లేచినాక ఒక అబద్ధం, ఒకటంటే ఒకటి, ఆడేటట్టు సెయ్యమను."

దెబోరా కళ్లు తెరిచింది. "అబద్ధం కోసం ప్రభువును ఎట్లడిగేదమ్మా? నన్నేమనుకుంటాడు?"

"మరి నా మొగుడు అదే గదమ్మా!"

దెబోరా మళ్లీ చేతులు జోడించింది. "ముందెట్లుండేవాడో అట్లనే చెయ్యి ప్రభువా అని అడుగుతా. వివరాలు ఆయనకు తెలుసు."

చెంగల్రాయుడిని లోపలికి తోసుకుపోయారు. తలుపు బయట సిద్ధమ్మ, అక్కమ్మ, మునికృష్ణ వరసగా కూర్చున్నారు. అక్కమ్మ నోరు అంతసేపు మూసుకుని ఉండటం కూడా మదనపల్లె చూసింది. సిద్ధమ్మకు ఆ వరండాలో వినాలనిపించింది ఒక్క కోతే. ఆవుదైనా, కాకిదైనా, ఏదైనా సరే, అందులో నిజం అనే పురుగు ఉండకూడదు.

మరునాడు పొద్దెక్కాక చెంగల్రాయుడు పూర్తిగా కళ్లు విప్పాడు. డాక్టరు జయరత్నం చిన్న సీసా పట్టుకుని వచ్చాడు. అందులో శనగగింజంత రాయి, ముదురు గోధుమరంగుది.

"ఇదిగో రాయుడూ, నీ దారికి అడ్డం పడింది ఇదే."

చెంగల్రాయుడు సీసాను చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. ఊపి చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతని మీసం కింద పెదవి ఒక పక్క కొంచెంగా లేచింది.

"ఇంతేనా సార్?" అన్నాడు నీరసంగా. "నేను మింగినప్పుడు గుండురాయంత ఉండె. ఇన్నేండ్లలో అరిగి అరిగి ఇంతకు దిగిండాది. ఇంకొక్క వారం ఆగింటే మీకీ శ్రమ గూడా ఉండేది కాదు."

అక్కమ్మ "నా సామీ!" అని మంచం కోడు మీద తల ఆనించింది. మునికృష్ణ తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. దెబోరా పైకి చూసి, ఇంత తొందరగానా అన్నట్టు కళ్లు పెద్దవి చేసింది.

డాక్టరు సిద్ధమ్మ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా? గుండురాయి మింగినాడా?"

చెంగల్రాయుడు అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని తాలింపు కోసం కాచుకున్నాడు. "ఆ గుండు ఇంట్లోనే ఉండాది" అన్న మాట ఇప్పుడు రావాలి.

సిద్ధమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"నిజమే సార్. నా కండ్లారా సూసినా. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో గుండే లేదు."

చెంగల్రాయుడు దిగ్గున కళ్లు తెరిచి పెళ్లాం వైపు చూశాడు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పికి ఇంకా నవ్వు.

ఊరికి తిరిగొచ్చాక అరుగు మీద అతని కోతలకు రెక్కలొచ్చాయి. మదనపల్లెలో తన కడుపును చొక్కాలాగా తిరగేసి, ఎండలో ఆరబెట్టి, తగరం కరిగించి కళాయి పూశారన్నాడు. రాత్రి తేన్పు వస్తే నోట్లో నుంచి వెలుతురు పడుతోందని, దీపం ఖర్చు తగ్గిందని అన్నాడు. మునికృష్ణ రక్తం ఎక్కిన దగ్గర్నుంచి వీధి మలుపు వస్తే చాలు తన చెయ్యి దానంతట అదే హారను కోసం వెతుకుతోందన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు గానీ, ఆ తర్వాత ఎవరికి కళ్లు పచ్చబడినా, "కళాయికి పోతాండాము" అని మదనపల్లె బస్సెక్కడం ఆ పల్లెల్లో మామూలైపోయింది. నల్లబడితే బెల్లం పంచడం ఆగిపోయింది. ఆ బస్సుకు మొదట చెయ్యి ఎత్తి ఆపేది అక్కమ్మే.

ఇక గుండురాయి సంగతి. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన రోజే, మొగుడు మంచం మీద నడుం వాల్చగానే, సిద్ధమ్మ రోటి పక్కనున్న గుండును చంకన పెట్టుకుని దొడ్లోకి తీసుకుపోయింది. పేడదిబ్బ పక్కన గుంత తీసి పూడ్చి, పైన కాలితో అదిమింది. డాక్టరు ముందు ఒక మాట అన్నాక మాట మీద నిలబడాలి గదా!

ఆనాటి నుంచి ఆమె ఊరిబిండి నూరుకోవాలంటే గిన్నె పట్టుకుని వీధి చివరి అక్కమ్మ ఇంటికి పోయేది. దారిలో ఎవరైనా, "ఏమ్మా సిద్ధమ్మా, మీ ఇంట్లో గుండు లేదా?" అని అడిగితే, ఆమె నడక ఆపకుండానే జవాబు చెప్పేది.

"యాడుండాదమ్మా? మా ఆయన మింగేసినాడు గదా!"